పూతరేకుల పాట



ఫిబ్రవరిలో, మేరీమాత ఉత్సవాల రోజుల్లో విజయవాడ గుణదల కొండ ఎక్కినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. కింద ఏలూరు రోడ్డు మీద బస్సుల హారన్లు. మెట్ల పక్కన కొబ్బరికాయలు, కొవ్వొత్తులు అమ్మేవాళ్ల కేకలు. తలనీలాలు తీయించుకున్న చంటిపిల్లాడి ఏడుపు. మెట్లు ఎక్కే కొద్దీ ఇవన్నీ కిందికి జారిపోతుంటాయి. పాట వినిపించడం మొదలవుతుంది. పాడేది ఇరవైమందో, ముప్ఫైమందో. అందులో ఎవరి గొంతు ఏదో చెప్పలేం. దూరానికి అంతా ఒకే గొంతులా ఉంటుంది. కానీ ఒక్క మనిషి గొంతంత సన్నగా ఉండదు. వెడల్పుగా ఉంటుంది. కొండంతా పరుచుకున్నట్టు ఉంటుంది.

ఆ వెడల్పు గురించే ఈ పావుగంట. ఇరవైమంది పాడితే పాట వెడల్పవుతుంది, అది అందరికీ తెలిసిందే. ఒకే ఒక్క మనిషి, తన ఒక్క గొంతుతోనే, అంత వెడల్పు తెచ్చింది. ఎలా తెచ్చింది? అలాంటి పాటను మనం ఎలా వినాలి?

ఆమె పేరు ఎన్యా. ఐర్లండ్ గాయని.

ఐర్లండ్ వాయవ్య మూలన డానెగాల్ అనే జిల్లా ఉంది. అట్లాంటిక్ సముద్రపు గాలి కొట్టే చోటు. అక్కడి గ్వీడోర్ ప్రాంతంలో 1961 మే 17న ఎన్యా పుట్టింది. తొమ్మిదిమంది పిల్లల్లో ఆరోది. దేశంలో ఎక్కువమంది ఇంగ్లిష్ మాట్లాడతారు. గ్వీడోర్‌లో మాత్రం ఇంట్లో, వీధిలో ఐరిష్ భాష ఇంకా బతికి ఉంది. ఎన్యాకు అదే తల్లిభాష. ఐరిష్, వెల్ష్, స్కాట్లండ్ గేలిక్, ఫ్రాన్స్ పడమటి కొసన మాట్లాడే బ్రెటన్, ఇవన్నీ ఒక కుటుంబం భాషలు. వాటినే కెల్టిక్ భాషలంటారు. ఆ జాతుల పాటల బాణీనే ‘కెల్టిక్ సంగీతం’ అంటున్నారు.

ఆమె పేరుకు ఒక చిన్న కథ ఉంది. ఐరిష్‌లో ఆ పేరు రాసే స్పెల్లింగ్ ఒకటి, డానెగాల్‌లో పలికే తీరు ఒకటి. బయటివాళ్లు చదివితే ఇంకేదో అవుతుంది. అందుకని పలికినట్టే ‘ఎన్యా’ అని రాసుకుంది. పలికినట్టే రాసుకునే మన లిపికి ఆ తిప్పలు లేవు.

తల్లి సంగీతం టీచరు. ఊరి చర్చిలో గాయకబృందాన్ని నడిపేది కూడా ఆమే. ఎన్యా చిన్నప్పుడు ఆ బృందంలోనే పాడింది. తండ్రి సొంత బ్యాండు నడిపినవాడు. తరవాత ఊళ్లో ఒక పబ్ పెట్టాడు. సాయంత్రమైతే అక్కడ పాట. ఆదివారం చర్చిలో పాట. ఇంట్లో పాట. మన దగ్గర భజన సమాజం ఉన్న ఇంట్లో పిల్లలకు తాళం ఎవరూ నేర్పక్కర్లేదు కదా! అలాగే పెరిగింది.

గుణదలవాళ్లకు ఇది పరాయి కథలా అనిపించదు. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి 1924లో ఈ కొండ మీద మేరీమాత విగ్రహం పెట్టిన నాటి నుంచీ ఇక్కడ పండగకు పాట ఉంది. ఆ పాటల బృందంలో వెనక వరసలో నిలబడి పాడే అమ్మాయిని ఒక్కసారి గమనించండి. ఆమె గొంతు విడిగా ఎవరికీ వినపడదు. అయినా ఆమె ఆ రోజు రాకపోతే పాటలో ఏదో తగ్గినట్టు ఉంటుంది. ఎన్యా అలాంటి వరసల్లో పెరిగిన పిల్ల.

ఆమె అక్కా అన్నలు, ఇద్దరు మేనమామలు కలిసి అప్పటికే ఒక బ్యాండు పెట్టారు. పేరు క్లానాడ్. గ్వీడోర్‌లో వాళ్ల ఊరు దోర్; ‘దోర్ ఊరి కుటుంబం’ అనే ఐరిష్ మాటల్ని కుదించి పెట్టుకున్న పేరు అది. 1980లో ఎన్యా అందులో చేరింది. కీబోర్డు వాయించేది, వెనక గొంతు కలిపేది. రెండేళ్లకు, 1982లో, బయటికొచ్చేసింది. ఆమెతో పాటు ఇద్దరు వచ్చారు. ఒకరు నిక్కీ ర్యాన్. క్లానాడ్‌కు మేనేజరు, శబ్దం సంగతులన్నీ చూసేవాడు. రెండోవారు ఆయన భార్య రోమా ర్యాన్. ఆమె కవయిత్రి. అప్పటి నుంచీ అదే ముగ్గురు. ఎన్యా బాణీ కట్టి పాడుతుంది. రోమా మాటలు రాస్తుంది. నిక్కీ రికార్డు చేస్తాడు. పేరు ఎన్యా ఒక్కదానిదే వినపడుతుంది గానీ, ఆ పాట ముగ్గురిదీ. ఈ మాట ఎన్యాయే చాలాసార్లు చెప్పింది.

డబ్లిన్ ఊరి శివారులో ర్యాన్ దంపతుల ఇల్లు. పెరట్లో ఒక షెడ్డు. ఆ షెడ్డునే స్టూడియో చేసుకున్నారు. డబ్బుల్లేవు. ఎన్యా తన శాక్సఫోను అమ్మేసింది. పిల్లలకు పియానో ట్యూషన్లు చెప్పింది. ఒకపక్క ట్యూషన్లు, ఇంకోపక్క షెడ్డులో పాట. బెజవాడలో కచేరీల మధ్య సంగీతం ట్యూషన్లతో ఇల్లు నడుపుకునే విద్వాంసుల ఇళ్లు తెలిసినవారికి ఆ రోజులెలా ఉంటాయో ఊహకు అందుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆ షెడ్డులో ఏం జరిగింది?

దానికి మనం ఒక్కసారి గోదావరి దాటి ఆత్రేయపురం వెళ్లొద్దాం. పూతరేకులు ఎలా చేస్తారో చూశారా? బోర్లించిన కుండ. కింద మంట. పక్కన గిన్నెలో బియ్యప్పిండి, దాదాపు నీళ్లంత పల్చగా కలిపినది. పల్చటి గుడ్డను ఆ పిండిలో ముంచి, రెండు కొసలూ పట్టుకుని, వేడి కుండ మీద ఒక్క ఊపున లాగుతారు. చిటికెలో రేకు వస్తుంది. చేత్తో పట్టుకుంటే అవతలి వేలు కనిపిస్తుంది. ఆ ఒక్క రేకును నోట్లో వేసుకోండి. ఏమీ ఉండదు. నాలుక మీద పెట్టీ పెట్టక ముందే మాయం. అదే రేకు మీద నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, ఇంకో రేకు వేసి, మడత మీద మడత పెడితే? అప్పుడది పూతరేకు. కొరికితే ఎన్ని పొరలో లెక్క తెలియదు. కానీ పొరలున్నాయని పళ్లకు తెలుస్తుంది.

ఎన్యా పాట పూతరేకే. ఒక వరసను మైకు ముందు సన్నగా పాడుతుంది. అది ఒక రేకు. అదే వరసను మళ్లీ మొదటి నుంచి పాడుతుంది. ఇంకో రేకు. మళ్లీ పాడుతుంది. తరవాత కింది స్థాయిలో పాడుతుంది. పై స్థాయిలో పాడుతుంది. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. 1991లో వచ్చిన ‘షెపర్డ్ మూన్స్’ ఆల్బమ్‌లో ‘ఏంజెలిస్’ అనే పాట ఉంది. దాంట్లో ఆమె గొంతు దాదాపు 500 సార్లు ఉంది. అవును, 500 సార్లు. ఒకే మనిషి. ఒకే పాట.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. ఒక్కసారి పాడి, దాన్నే 500 సార్లు కాపీ చేసుకుంటే పోదా? అంత కష్టం ఎందుకు?

రబ్బరు స్టాంపు తీసుకోండి. కాగితం మీద ఒకే చోట, ఇసుమంత అటూ ఇటూ కదలకుండా పదిసార్లు గుద్దండి. ఏమవుతుంది? అచ్చు నల్లబడుతుంది, అంతే. వెడల్పవదు. కాపీ చేసిన గొంతూ అంతే. శబ్దం పెరుగుతుంది, పాట పెరగదు. మనిషి పదిసార్లు పాడితే పదిసార్లూ ఒక్కలా ఉండదు. ఒకసారి శ్వాస ఒక క్షణం ముందు తీసుకుంటుంది. ఒకసారి స్వరం వెంట్రుకవాసి కిందుంటుంది. ఒకసారి అక్షరం కొంచెం ఆలస్యంగా పడుతుంది. ఈ చిన్న చిన్న తేడాలే పాటకు వెడల్పు. మీరు చేను గట్టు మీద నిలబడి నాట్లు వేసే ఆడవాళ్ల పాట విన్నారు కదా. అందరూ ఒకే పాట పాడతారు, కానీ ఒక్క క్షణంలో ఒక్కలా పాడరు. అందుకే ఆ పాట చేనంతా పరుచుకుంటుంది.

మళ్లీ చెప్పుకుందాం. కాపీ చేస్తే శబ్దం పెరుగుతుంది. మళ్లీ పాడితే పాట పెరుగుతుంది.  ఆ షెడ్డులోని ముగ్గురూ పట్టుకున్నది ప్రతి పొరా ఎన్యాయే పాడే దారి. ఓపిక పట్టారు. ఆ ఓపిక పాటలో వినిపిస్తుంది.

లోకానికి ఈ శబ్దం మొదట టెలివిజన్ ద్వారా చేరింది. కెల్టిక్ జాతుల చరిత్ర మీద బీబీసీ తీసిన ‘ది కెల్ట్స్’ అనే ధారావాహికకు ఎన్యా సంగీతం చేసింది. ఆ సంగీతమే 1987లో ఆమె తొలి ఆల్బమ్ అయింది. అది విన్న రాబ్ డికిన్స్ అనే ఆయన, బ్రిటన్‌లో వార్నర్ కంపెనీ అధిపతి, ఆమెతో ఒప్పందం చేసుకున్నాడు. 1988 సెప్టెంబరులో ‘వాటర్‌మార్క్’ వచ్చింది. అందులోని ‘ఒరినోకో ఫ్లో’ బ్రిటన్‌లో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. లండన్‌లో వాళ్లు పనిచేసిన స్టూడియో పేరు ఒరినోకో. దక్షిణ అమెరికాలో అదే పేరుతో పెద్ద నది ఉంది. ఆ నది నీళ్లలో దొరికిన ఒక కొత్త చేపకు 2017లో శాస్త్రవేత్తలు ఈ పాట గుర్తుగా ఎన్యా పేరే పెట్టారు. చేపల రుచి, వాటి పేర్లు తెలిసిన కృష్ణా జిల్లావాళ్లకు ఈ గౌరవం ఎంతటిదో చెప్పక్కర్లేదు.

ఆ తరవాత నాలుగు ఆల్బమ్‌లకు నాలుగు గ్రామీలు. 2001లో అమెరికాలో జంట భవనాలు కూలిన రోజుల్లో టీవీ వార్తల వెనక ఆమె పాట ‘ఓన్లీ టైమ్’ వినిపించింది. ఆ పాట అంతకు ముందు ఏడాదిది, దుర్ఘటన కోసం కట్టింది కాదు. అయినా దుఃఖంలో ఉన్నవాళ్లు దాన్ని తమది చేసుకున్నారు. దాన్ని మళ్లీ కొత్తగా విడుదల చేసి, వచ్చిన డబ్బును అగ్నిమాపక సిబ్బంది కుటుంబాలకు ఇచ్చారు. అదే ఏడాది ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మొదటి సినిమాకు ఆమె పాడిన ‘మే ఇట్ బీ’ ఆస్కార్ పోటీ దాకా వెళ్లింది.

ఇన్ని జరిగినా ఎన్యా సొంతంగా ఒక్క కచేరీ యాత్ర కూడా చెయ్యలేదు. 500 పొరల పాటను వేదిక మీద ఎవరు పాడతారు? ఆల్బమ్‌కూ ఆల్బమ్‌కూ మధ్య కూడా ఏళ్లు పడతాయి. 1995, 2000, 2005, 2008. ఆ తరవాత 2015. పూతరేకులను మూటగట్టి ఊరూరా తిప్పితే పొడైపోతాయని చేసేవాళ్లకు తెలుసు.

భాష మాటేమిటి? ఐరిష్ మనకు రాదు. అయినా వింటాం, ఎందుకు?

ఈ ప్రశ్నకు మన దగ్గర మంచి జవాబు ఉంది, కాకపోతే తిరగేసి చూడాలి. మద్రాసు సభల్లో తెలుగు రానివారు త్యాగరాజ కీర్తనలు విని కళ్లు తుడుచుకున్నారు, ఇప్పటికీ తుడుచుకుంటున్నారు. మాట అర్థం కాకపోయినా ఆ మాట శబ్దం వాళ్లకు చేరింది. తెలుగు అచ్చులతో ముగిసే భాష కాబట్టి గొంతు ఆగకుండా సాగుతుంది. ‘సంగీతానికి భాష లేదు’ అని ఒక మాట అంటుంటారు. అది సగం నిజమే. సంగీతానికి భాష శబ్దం చాలా ముఖ్యం. ఈ సంగతి ఎన్యా, రోమాలకు తెలిసినంతగా ఇప్పటి పాటలవాళ్లలో కొద్దిమందికే తెలుసు. బాణీకి ఇంగ్లిష్ సరిపడకపోతే వాళ్లు ఐరిష్ ప్రయత్నిస్తారు. అదీ కుదరకపోతే లాటిన్. 2005లో వచ్చిన ‘అమరాంటైన్’ కోసం ఒక పాట చేస్తుంటే మూడూ కుదరలేదు. బాణీ కడుతూ ఎన్యా నోటికొచ్చిన అక్షరాలు పాడుతోంది. ఆ అక్షరాలే బాగున్నాయి. రోమా వాటిని పట్టుకుని ఏకంగా ఒక కొత్త భాషనే కల్పించింది. దాని పేరు లోక్సియన్. మన విద్వాంసులు ఆలాపనలో ‘తదరినన’ అంటూ సాగదీస్తారు చూడండి, అక్కడ అర్థం ఎవరూ అడగరు. ఆ దారినే ఇంకాస్త ముందుకు తీసుకెళ్లారు.

ఇంకొక మాట చెప్పాలి. ఎన్యా గొంతు సన్నగా ఉంటుంది. గట్టిగా పాడదు. అందుకే కొందరు, ఇది నిద్రపుచ్చే సంగీతం, పని చేసుకుంటూ వెనకాల పెట్టుకునేది, అంటారు. ఆల్బమ్‌లన్నీ ఒకేలా ఉన్నాయనీ అంటారు. రెండో మాటలో కొంత నిజం ఉంది. 2000 తరవాతి పాటల్లో పాత బాటలోనే నడిచినవి కొన్ని ఉన్నాయి. మొదటి మాట మాత్రం ఒప్పుకోవడానికి లేదు. సన్నటి గొంతు అంటే చేవలేని గొంతు అనుకోవడం మన అలవాటు. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో మన కృష్ణా డెల్టావాళ్లకు బాగా తెలియాలి.

మనది పద్యనాటకాల నేల. మైకులు లేని రోజుల్లో పందిరి కింద వేలమంది కూర్చునేవారు. చిట్టచివర చాప మీద కూర్చున్న ముసలాయనకు కూడా పద్యం చేరాలి. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి వంటి మహానటుల గొంతులు ఆ అవసరంలోంచి పెరిగినవి. ఆ రాగాలు తీస్తుంటే ‘వన్స్ మోర్’ కొట్టిన తాతలు మన ఇళ్లలో ఉన్నారు. గొప్ప గొంతు అంటే దూరం వెళ్లే గొంతు అన్న లెక్క అలా ఏర్పడింది. న్యాయమే.

మైకు వచ్చాక లెక్క మారింది. మైకు అంటే చెవి. గాయని మైకు ముందు పాడుతోందంటే మీ చెవి పక్కన పాడుతున్నట్టే. అమ్మ జోలపాట పందిరి చివరిదాకా వినిపించాల్సిన పని లేదు కదా. పిల్లాడి చెవిదాకా వెళితే చాలు. మన రేడియో ఈ సంగతిని ఎన్యాకంటే ఎంతో ముందే పట్టుకుంది. దానికే లలిత సంగీతం అని పేరు పెట్టుకున్నాం. 1928లో పుట్టిన రావు బాలసరస్వతీదేవి అందులో తొలితరం గాయని. ఆరేడేళ్ల వయసుకే గ్రామఫోను రికార్డు ఇచ్చారు. 1943లో ‘భాగ్యలక్ష్మి’ సినిమాలో మరొక నటికి గొంతు అరువిచ్చి, తెలుగులో తొలి నేపథ్య గాయని అనిపించుకున్నారు. సాలూరి రాజేశ్వరరావుతో కలిసి ఆమె పాడిన లలితగీతాలు ఇప్పుడు విన్నా ఆ గొంతు అరవదు, బతిమాలదు. పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక, బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారు అక్కడ పనిచేసిన కాలంలో, ఆ మృదువైన పాట ఇంటింటి పొద్దులో భాగమైంది. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని వింటూ వాకిట్లో కళ్లాపి చల్లిన అమ్మలెందరో. వాళ్లకు ఎన్యా గొంతు కొత్తగా అనిపించదు.

ఇక వినడం ఎలా? చాలా తేలిక. ఫోను, ఇయర్‌ఫోన్లు ఉంటే చాలు.

మొదలుపెట్టడానికి ఒక పాట. క్రిస్మస్ రాత్రి పాడే ‘సైలెంట్ నైట్’ మీలో చాలామందికి తెలుసు. 1818లో ఆస్ట్రియాలోని ఒక పల్లె చర్చిలో మొదటిసారి పాడిన పాట. తెలుగులోనూ మన చర్చిల్లో పాడతారు. ఎన్యా దాన్ని తన తల్లిభాషలో పాడింది. ఎందుకు దీంతోనే మొదలుపెట్టాలంటే, బాణీ మీకు ముందే తెలుసు. మాటలు మీకు తెలిసే అవకాశమే లేదు. కాబట్టి చెవికి వేరే పని ఉండదు. పొరలు వెతుక్కోవచ్చు.

ఇంట్లో అందరూ పడుకున్నాక పెట్టుకోండి. శబ్దం బాగా తగ్గించండి, ఫ్యాను చప్పుడుకు కొంచెం పైన ఉంటే చాలు. మొదటిసారి ఊరికే వినండి. ఏమీ వెతకొద్దు. రెండోసారి అదే పాట. ఈసారి అందరికంటే కిందున్న గొంతును పట్టుకోండి. పై గొంతు మిమ్మల్ని లాక్కెళ్లిపోతుంటుంది, వెళ్లొద్దు. కిందిదాన్నే పట్టుకుని చివరిదాకా నడవండి. మధ్యలో వదిలేస్తే మళ్లీ మొదలుపెట్టండి. తొందరేం లేదు. మూడోసారి ఒక చెవి లోంచి ఇయర్‌ఫోను తీసేయండి. పాట సగమైనట్టు తెలుస్తుంది. ఆ చెవిలో ఎవరెవరు ఉన్నారో, ఈ చెవిలో ఎవరు మిగిలారో చూసుకోండి. మళ్లీ పెట్టుకోండి. ఆ పోయినవాళ్లు తిరిగొచ్చిన క్షణం, రేకు మీద రేకు పడ్డ క్షణం, అదీ మనం ఇందాకటి నుంచి చెప్పుకుంటున్న వెడల్పు.

చెవికి ఈ అలవాటు పట్టాక, వచ్చే ఫిబ్రవరిలో గుణదల మెట్లు ఎక్కేటప్పుడు సగం దారిలో ఒక్క నిమిషం ఆగండి. కొబ్బరికాయ చేతిలోనే ఉండనివ్వండి. పైనుంచి వచ్చే పాటలో వెనక వరస అమ్మాయి ఎక్కడుందో వెతకండి.